రిపోర్టు నార్మల్ వచ్చినా గోళీ ఎందుకు ఆపమంటారు? ఆపరేషన్‌లో మళ్లీ మళ్లీ రక్తం ఎందుకు తీస్తారు?

హాలియా నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి 61 ఏళ్లు. గుండెలో మూడు నాళాలు పూడుకుపోయాయి. స్టెంట్ వేయలేదు, వచ్చే వారం హైదరాబాద్‌లో బైపాస్ ఆపరేషన్. ఏడాదిగా గుండె నాళాల్లో గడ్డ కట్టకుండా ఎకోస్ప్రిన్ (అంటే ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ గోళీలు వాడుతున్నారు. నల్లగొండలో పీటీ, ఐఎన్ఆర్, ఏపీటీటీ అనే రక్తం గడ్డకట్టే పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్ వచ్చాయి. అయినా హైదరాబాద్ డాక్టర్ క్లోపిడోగ్రెల్ ఐదు రోజుల ముందు ఆపమన్నారు, ఎకోస్ప్రిన్ మాత్రం వేసుకోమన్నారు. ఆపరేషన్‌లో అరగంటకోసారి రక్తం గడ్డకట్టే పరీక్ష చేస్తామని, అవసరమైతే టెగ్ అనే మెషిన్ పరీక్ష కూడా ఉంటుందని చెప్పారు. "రిపోర్టు బాగున్నప్పుడు గోళీ ఆపడం దేనికి? చేసిన పరీక్షే మళ్లీ మళ్లీ ఎందుకు? మా దగ్గర ఏమైనా దాస్తున్నారా? ప్లేట్‌లెట్ల కోసం మనుషుల్ని తయారుగా పెట్టుకోవాలా?" అని ఆయన అడుగుతున్నారు.

నేను మత్తు డాక్టర్‌ను. మొదట ఏడేళ్లు హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ల థియేటర్లో పనిచేశాను. తర్వాత పదిహేనేళ్లుగా నల్లగొండ చుట్టుపక్కల దవాఖానల్లో మత్తు ఇస్తున్నాను. మీరు రాసినదాంట్లో దాచినట్టు నాకేమీ కనిపించలేదు. మీ డాక్టర్ చెప్పినవన్నీ బైపాస్‌లో మామూలుగా చేసే పనులే. కానీ "నార్మల్" అన్న మాట మీద మీరు పెట్టుకున్న నమ్మకం ఎక్కువ. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు హాలియా వారు కాబట్టి సాగర్ ఎడమ కాల్వ మీ కళ్ల ముందే ఉంటుంది. కట్టకు గండి పడితే ఏం చేస్తారు? ముందు దొరికినన్ని ఇసుక బస్తాలు వేస్తారు. బస్తాలు ఒక్కటే ఆగవు, నీటి వేగానికి కొట్టుకుపోతాయి. వాటిని పట్టి ఉంచేలా వల కట్టి, మట్టి నింపి గట్టి చేస్తారు. రక్తనాళం తెగినప్పుడు ఒంట్లో జరిగేదీ దాదాపు ఇదే. ముందు ప్లేట్‌లెట్లు వచ్చి తెగిన చోట అతుక్కుంటాయి, అవి బస్తాలు. ఆ తర్వాత రక్తంలోని పది పన్నెండు ప్రొటీన్లు ఒకదాన్నొకటి లేపుకుంటూ చివరికి ఫైబ్రినోజెన్‌ను దారాలుగా మారుస్తాయి. ఆ దారాల వలే గడ్డను గట్టిగా పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు మీరు చేయించిన పీటీ, ఏపీటీటీ చూద్దాం. నీలం మూత ట్యూబులో రక్తం తీసి, ల్యాబ్‌లో గిర్రున తిప్పుతారు. కణాలన్నీ అడుక్కి దిగిపోతాయి. పైన తేలిన పసుపు నీరు, అంటే ప్లాస్మా తీసుకుని, అందులో మందు కలిపి ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో లెక్కపెడతారు. పీటీ మామూలుగా 11 నుంచి 13 సెకన్ల దగ్గర, ఏపీటీటీ 25 నుంచి 35 సెకన్ల దగ్గర ఉంటుంది. ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే ఈ పరీక్ష చూసేది వల అల్లే ప్రొటీన్లను మాత్రమే. బస్తాలను ముందే తీసి పక్కన పెట్టేశారు.

క్లోపిడోగ్రెల్ పనిచేసేది సరిగ్గా ఆ బస్తాల మీద. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది. అందుకే పీటీ, ఏపీటీటీ ఎన్నిసార్లు చేసినా ఆ గోళీ ప్రభావం వాటిలో కనిపించదు. ప్లేట్‌లెట్ల లెక్క చూసినా కనిపించదు. రెండు లక్షల నలభై వేలు అని రిపోర్టు వస్తుంది, లెక్క సరిగ్గానే ఉంటుంది, కానీ వాటిలో చాలా భాగం పని చేయవు. బస్తాలు లెక్కకు సరిపోయినా లోపల ఇసుక లేనట్టు.

ఐదు రోజులే ఎందుకంటే, క్లోపిడోగ్రెల్ తాకిన ప్లేట్‌లెట్ బతికున్నంత కాలం మళ్లీ అతుక్కోదు. దాని ఆయుష్షు ఏడు నుంచి పది రోజులు. గోళీ ఆపితే ఎముక మజ్జ రోజుకు పదో వంతు చొప్పున కొత్తవి పంపిస్తుంది. ఐదు రోజులకు దాదాపు సగం కొత్తవి వస్తాయి. ఆ సగం చాలు, ఆపరేషన్‌లో నెత్తురు ఆగడానికి. ఎకోస్ప్రిన్ కూడా ప్లేట్‌లెట్ల మీదే పనిచేస్తుంది, కానీ దాని దెబ్బ అంత గట్టిది కాదు. పైగా కాలి నుంచో ఛాతీ లోపలి నుంచో తెచ్చి కుట్టే కొత్త నాళాలు మొదటి రోజుల్లో పూడుకుపోకుండా కాపాడుతుంది. అందుకే దాన్ని ఉంచమన్నారు. దయచేసి భయంతో మీరే ఎకోస్ప్రిన్ కూడా ఆపేయకండి. స్టెంట్ వేసి కొన్ని నెలలే అయిన మనిషి ఈ రెండు గోళీలు సొంతంగా ఆపేస్తే స్టెంట్ లోపలే గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. మీ నాన్నగారికి స్టెంట్ లేదు, కానీ ఇది చదివేవాళ్లలో ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి రాస్తున్నాను. ఏ గోళీ ఎప్పుడు ఆపాలో గుండె డాక్టర్, సర్జన్ ఇద్దరూ కలిసి చెప్పాలి.

నేను బాగా గుర్తుపెట్టుకున్న కేసు ఒకటుంది. దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన తుంటి ఎముక విరిగి వచ్చారు. పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి. "ఏం గోళీలు వాడుతున్నారు?" అని అడిగితే, "బీపీది ఒక్కటే" అన్నారు. వెన్నులో సూది ఇవ్వడానికి అంతా సిద్ధం చేసుకున్నాను. ఎందుకో మనసు ఒప్పక బయటికి వెళ్లి వాళ్ల కోడలిని మళ్లీ అడిగాను. ఆమె సంచిలోంచి గోళీల డబ్బా తీసి చూపించింది. అందులో క్లోపిడోగ్రెల్ షీటు ఉంది. ఆ రోజు పొద్దున కూడా వేసుకున్నారు. "అది గుండె గోళీ కదా సార్, కాలుకు దానికి ఏం సంబంధం?" అని అడిగింది. ఆమెను తప్పుపట్టలేను, ఎవరూ ఆమెకు చెప్పలేదు. వెన్నులో సూది పెట్టినప్పుడు లోపల రక్తం కారి గడ్డ కడితే అది నరాల తాడును నొక్కుతుంది, రెండు కాళ్లూ పడిపోవచ్చు. ఆయనకు వేరే పద్ధతిలో మత్తు ఇచ్చాం. ఆ ప్రమాదాన్ని ల్యాబ్ రిపోర్టు పట్టుకోలేదు, ఆ కోడలి సంచి పట్టుకుంది.

అందుకే ఆపరేషన్ ముందు నేను కాగితం కంటే మనిషినే ఎక్కువ అడుగుతాను. పన్ను పీకించుకున్నప్పుడు నెత్తురు ఎంతసేపు కారింది? చిన్న దెబ్బకే ఒళ్లు నల్లగా కమిలిపోతుందా? ఇంట్లో ఆడవాళ్లకు కాన్పులో ఎక్కువ రక్తం పోయిందా? దగ్గరి చుట్టాల్లో ఎవరైనా ఆపరేషన్‌లో నెత్తురు ఆగక ఇబ్బంది పడ్డారా? కల్లు, మందు ఎన్నేళ్లుగా? మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటున్నారా? ఆ నొప్పి సూదుల్లో చాలా వరకు ప్లేట్‌లెట్ల మీద పనిచేసేవే. జలుబు, తలనొప్పి అని వేసుకునే గోళీల్లో కూడా కొన్నిట్లో ఆస్పిరిన్ ఉంటుంది. మీ నాన్నగారికి ఈ ప్రశ్నలన్నీ ఇంట్లోనే వేసి, జవాబులు రాసుకుని వెళ్లండి. దవాఖానలో భయం మీద సగం మర్చిపోతారు.

రిపోర్టు నార్మల్ అంటే అంతా బాగున్నట్టు కాదు. అలాగే తేడా వచ్చిందంటే ప్రతిసారీ జబ్బు ఉన్నట్టూ కాదు. నీలం మూత ట్యూబులో సోడియం సిట్రేట్ అనే ద్రవం ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్, ఆ గీత వరకు నింపాలి. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువై, రక్తం ఆలస్యంగా గడ్డకడుతున్నట్టు తప్పుడు రిపోర్టు వస్తుంది. నేను కొత్తగా ఇక్కడికి వచ్చినప్పుడు ఒక చెల్లెకు థైరాయిడ్ ఆపరేషన్ ఉంది. ఏపీటీటీ 58 సెకన్లు వచ్చింది. ఆపరేషన్ వాయిదా వేసి, పెద్ద డాక్టర్ దగ్గర చూపించుకోమని పంపించాం. రాను పోను బస్సు ఖర్చులు, రెండు కూలి రోజులు పోయాయి. అక్కడ మళ్లీ చేస్తే 31. ట్యూబు సగమే నింపారు, అంతే. ఆ రోజు ట్యూబు వైపు ఒక్కసారి చూసి ఉంటే ఆమెకు ఆ తిరుగుడు తప్పేది. అప్పటి నుంచి తేడా రిపోర్టు వస్తే ముందు కొత్త ట్యూబులో ఇంకోసారి రక్తం తీయిస్తాను. చేతికి సెలైన్ ఎక్కుతున్న వైపు తీయొద్దని, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) పోసిన గొట్టంలోంచి తీయొద్దని కూడా చెబుతాను. వీటి వల్ల వచ్చే తప్పులు అన్నీ ఇన్నీ కావు.

ఇక ఆపరేషన్ థియేటర్లోకి వద్దాం. మీ ప్రశ్నలో అసలు భాగం ఇదే.

బైపాస్‌లో గుండెను కాసేపు ఆపి, ఆ పనిని మెషిన్‌కు అప్పగిస్తారు. మేం దాన్ని పంప్ అంటాం. (పంప్ లేకుండా, గుండె కొట్టుకుంటుండగానే కుట్టే పద్ధతి కూడా ఉంది, మన దేశంలో ఎక్కువగానే చేస్తారు. మీ నాన్నగారికి ఏది చేస్తారో అడగండి.) రక్తం ఒంట్లోంచి ప్లాస్టిక్ గొట్టాల్లోకి వచ్చి, ఆక్సిజన్ ఎక్కించుకుని తిరిగి వెళ్తుంది. రక్తానికి ప్లాస్టిక్ పరాయిది. తాకగానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మెషిన్‌లో గడ్డ కడితే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే పంప్ మీదకు వెళ్లే ముందు హెపారిన్ అనే మందు పెద్ద మోతాదులో ఇస్తారు, ఒంటి బరువు కిలోకు 300 నుంచి 400 యూనిట్లు. అంటే మీ నాన్నగారి రక్తం గడ్డకట్టకుండా డాక్టర్లే కావాలని ఆపుతారు. పంప్ పని అయ్యాక మళ్లీ గడ్డకట్టేలా డాక్టర్లే చేస్తారు. ఈ రెండు మలుపుల్లో ఏది సరిగ్గా జరగకపోయినా కష్టమే.

ఆ మలుపుల్ని చూపించేది ఏసీటీ అనే పరీక్ష. రెండు మిల్లీలీటర్ల రక్తం, కొన్ని మెషిన్లకు కొన్ని చుక్కలే, పక్కనే ఉన్న చిన్న మెషిన్‌లో వేస్తారు. ల్యాబ్‌కు పంపే పని లేదు, నిమిషాల్లో తెలుస్తుంది. మామూలు మనిషికి వంద సెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. పంప్ మీదకు వెళ్లాలంటే చాలాచోట్ల 480 దాటాలి, కొన్నిచోట్ల 400 చాలంటారు. ఆ అంకె వచ్చేదాకా పంప్ మొదలుపెట్టరు. పంప్ నడిపే పర్ఫ్యూజనిస్ట్ గట్టిగా "ఏసీటీ 510" అని చెప్పాకే ముందుకు వెళ్తారు. ఆ తర్వాత హెపారిన్ కరిగిపోతూ ఉంటుంది కాబట్టి అరగంటకోసారి మళ్లీ చూస్తారు. తగ్గితే ఇంకొంచెం ఇస్తారు. మీకు చెప్పిన అరగంట పరీక్ష ఇదే. మీరు నల్లగొండలో చేయించింది ఇది కాదు, రెండూ వేర్వేరు.

కొందరికి మామూలు మోతాదు ఇచ్చినా ఏసీటీ పెరగదు. హెపారిన్ ఒంటరిగా పనిచేయదు, యాంటీత్రాంబిన్ అనే ప్రొటీన్ తోడు కావాలి. ఆపరేషన్‌కు ముందు చాలా రోజులు హెపారిన్ సూదుల మీద ఉన్నవాళ్లలో అది తగ్గిపోయి ఉండవచ్చు. అప్పుడు ఇంకా హెపారిన్, లేదా ప్లాస్మా, లేదా ఆ ప్రొటీన్‌నే మందుగా ఇస్తారు. ఆ క్షణంలో పరీక్ష లేకపోతే, అంతా బాగుందనుకుని పంప్ మీదకు వెళ్లిపోయేవాళ్లం.

పంప్ పని అయ్యాక ప్రొటమిన్ అనే మందుతో హెపారిన్‌ను తటస్థం చేస్తారు. స్థూలంగా వంద యూనిట్ల హెపారిన్‌కు ఒక మిల్లీగ్రామ్ ప్రొటమిన్. ఇది మొదట సాల్మన్ చేపల వీర్యం నుంచి తీసిన మందు. మీ నాన్నగారికి చేప తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చే అలవాటు ఉంటే తప్పకుండా చెప్పండి. షుగర్‌కు పాలలా తెల్లగా ఉండే ఎన్‌పీహెచ్ రకం ఇన్సులిన్ వాడుతుంటే కూడా చెప్పండి, అందులోనూ ప్రొటమిన్ ఉంటుంది. ఇలాంటివాళ్లలో కొందరికి ఆ మందు పడక బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ముందే తెలిస్తే నెమ్మదిగా, జాగ్రత్తగా ఇస్తాం.

ప్రొటమిన్ ఇచ్చాక ఏసీటీ మళ్లీ మొదటి అంకె దగ్గరికి వచ్చింది. అయినా ఛాతీలోంచి నెత్తురు ఊరుతూనే ఉంది. ఇప్పుడేం చేయాలి? నా ఉద్యోగంలో అన్నిటికన్నా టెన్షన్ పడిన నిమిషాలు ఇవే. కారణం నాలుగైదు రకాలుగా ఉండవచ్చు. హెపారిన్ ఇంకా మిగిలి ఉండవచ్చు. పంప్‌లో నలిగి ప్లేట్‌లెట్లు దెబ్బతిని ఉండవచ్చు. పంప్ గొట్టాల్లో ముందుగా నింపిన లీటరుకు పైగా ద్రవం కలిసి రక్తం పలచబడి, ఫైబ్రినోజెన్ తగ్గి ఉండవచ్చు. ఒళ్లు చల్లబడి ఉండవచ్చు. కట్టిన గడ్డ అతి తొందరగా కరిగిపోతూ ఉండవచ్చు. లేదా ఎక్కడో ఒక చిన్న నాళానికి కుట్టు సరిగ్గా పడకపోయి ఉండవచ్చు. ఒక్కోదానికి మందు వేరు. కుట్టు జారితే ఎన్ని ప్లేట్‌లెట్ సంచులు ఎక్కించినా ఆగదు, సర్జన్ మళ్లీ చూడాల్సిందే. ప్లేట్‌లెట్లు పనిచేయకపోతే ఎన్ని కుట్లు వేసినా ఆగదు.

ఇక్కడే టెగ్ అక్కరకొస్తుంది. దీన్ని 1948లో జర్మనీలో హెల్మట్ హార్టెర్ట్ అనే ఆయన కనిపెట్టారు, అంటే కొత్త ఫ్యాషన్ ఏమీ కాదు. పీటీ లాగా కణాలు తీసేసిన ప్లాస్మాను కాకుండా, మొత్తం రక్తాన్ని చిన్న కప్పులో వేసి అందులో సన్నని పుల్ల ఉంచుతారు. కప్పు మెల్లగా అటూ ఇటూ ఊగుతుంది. గడ్డకట్టే కొద్దీ పుల్ల కూడా దానితో పాటు లాగబడుతుంది. (కొత్త మెషిన్లలో పద్ధతి వేరు, చూపించేది అదే.) తెర మీద ఒక బొమ్మ గీస్తుంది, పక్కకు పడుకున్న చేపలా ఉంటుంది. ముక్కు దగ్గరి గీత ఎంత పొడవుంటే గడ్డ మొదలవడానికి అంత ఆలస్యం, అంటే ప్లాస్మా ప్రొటీన్లు చాలలేదు లేదా హెపారిన్ ఉంది. పొట్ట ఎంత వెడల్పుంటే గడ్డ అంత గట్టి. సన్నగా ఉంటే ప్లేట్‌లెట్లో ఫైబ్రినోజెనో లోటు. తోక తొందరగా సన్నబడితే గడ్డ కరిగిపోతోంది, అప్పుడు ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తాం. హెపారిన్‌ను విరగ్గొట్టే మందు ఉన్న కప్పులో ఒకటి, మామూలు కప్పులో ఒకటి పక్కపక్కన వేసి చూస్తే హెపారిన్ మిగిలిందో లేదో తేలిపోతుంది. పది పదిహేను నిమిషాల్లో మొదటి జాడ తెలుస్తుంది. ల్యాబ్‌కు పంపి పీటీ తెప్పించుకోవడానికి ముప్పావు గంట పడుతుంది. ఆ ముప్పావు గంటలో ఛాతీలో పరిస్థితి మారిపోతుంది, రిపోర్టు చేతికొచ్చేసరికి అది పాత కబురు.

టెగ్‌కూ ఒక లోపం ఉంది, అదీ చెప్పాలి. మామూలు టెగ్ ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని పట్టుకోదు. దానికి విడిగా ప్లేట్‌లెట్ పనితనం చూసే పరీక్ష ఉంటుంది. ఐదు రోజుల గడువు ఇవ్వడానికి వీల్లేక తొందరగా ఆపరేషన్ చేయాల్సి వస్తే అది పనికొస్తుంది. మళ్లీ తిరిగి గోళీల సంచి దగ్గరికే వచ్చాం.

చలి గురించి కూడా చెప్పాలి, దీన్ని మనవాళ్లు చాలా తేలిగ్గా తీసుకుంటారు. ల్యాబ్ మెషిన్ రక్తాన్ని 37 డిగ్రీలకు వేడిచేసి పరీక్ష చేస్తుంది. థియేటర్లో మనిషి ఒళ్లు 34కు పడిపోయి, గడ్డకట్టే ప్రొటీన్లు మందగించినా, ల్యాబ్ రిపోర్టు నార్మల్ అనే వస్తుంది, ఎందుకంటే ల్యాబ్‌లో ఆ రక్తం చల్లగా లేదు. ఒళ్లు చల్లబడటం, రక్తం పులిసిపోవడం (అంటే రక్తంలో ఆమ్లం పెరగడం), గడ్డకట్టకపోవడం, ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. అందుకే వెచ్చటి గాలి దుప్పట్లు, వేడిచేసిన సెలైన్ వాడతాం. అలాగే ఎక్కించే రక్తం సంచిలోనూ సిట్రేట్ ఉంటుంది, నీలం మూత ట్యూబులో ఉన్నదే. సంచుల మీద సంచులు ఎక్కిస్తే ఆ సిట్రేట్ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. కాల్షియం లేకుండా గడ్డ కట్టదు. నాలుగైదు సంచులు వేగంగా ఎక్కాయంటే కాల్షియం చూసుకుంటూ ఇవ్వాలి.

ఇవన్నీ హైదరాబాద్ పెద్ద థియేటర్ల సంగతులు. మా వైపు టెగ్ మెషిన్ లేని చోట్ల ఏం చేస్తామని అడిగితే, ఒక శుభ్రమైన గాజు ట్యూబు ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి మిర్యాలగూడ వైపు నుంచి ఒక చెల్లెను ఆటోలో తెచ్చారు. కాన్పు తర్వాత రక్తం ఆగడం లేదు. ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి గంట. గాజు ట్యూబులో కొంచెం రక్తం పోసి గోడకు ఆనించి పెట్టాను. పది నిమిషాలైనా నీళ్లలా అటూ ఇటూ జారుతోంది. ఇక రిపోర్టు కోసం ఆగలేదు. ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము ఇచ్చాం. కాన్పు అయిన మూడు గంటల లోపే ఆ మందు మేలు చేస్తుంది, 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఇరవై వేల మంది తల్లుల మీద చూసి తేల్చిన సంగతి ఇది. ప్లాస్మా కరిగించమని బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేశాం. మంచుగడ్డలా చేసి నిల్వ ఉంచిన ప్లాస్మా కరగడానికే అరగంట పడుతుంది. తర్వాత వచ్చిన రిపోర్టులో ఫైబ్రినోజెన్ 160 ఉంది. కాగితం మీద మామూలు హద్దు 200 నుంచి 400 అని ఉంటుంది, కాబట్టి చూసేవాళ్లకు కొంచెమే తక్కువ అనిపిస్తుంది. కానీ నిండు గర్భిణికి అది 400 నుంచి 600 దాకా ఉండాలి. కాన్పులో నెత్తురు పోతున్న తల్లికి 200 కంటే దిగడం పెద్ద హెచ్చరిక. ఆ చెల్లె బతికింది. ఆ బాబు ఇప్పుడు బడికి పోతున్నాడు.

పొలాల్లో రక్తపింజర కాటు పడినవాళ్లకు కూడా ఇదే గాజు ట్యూబు, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి చూస్తారు. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, సబ్బుతో కడిగింది అసలే పనికిరాదు. గాజు తాకితేనే రక్తం సరిగ్గా గడ్డకట్టడం మొదలవుతుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు ఆపరేషన్ వస్తే వెన్నులో సూది దించడం చాలా కష్టం. ఒకటికి నాలుగుసార్లు గుచ్చాల్సి వస్తుంది. గుచ్చిన కొద్దీ లోపల రక్తం కారే అవకాశం పెరుగుతుంది. ఇలాంటివాళ్లకు గోళీల చరిత్ర, గడ్డకట్టే పరీక్ష రెండూ ఇంకొంచెం గట్టిగా చూసుకుంటాను. అనుమానం ఉంటే వెన్ను జోలికి పోను.

గుండె కవాటం మార్చుకుని ఎసిట్రోమ్, వార్ఫరిన్ అనే గడ్డకట్టనివ్వని గోళీలు వాడేవాళ్ల లెక్క మీ నాన్నగారి లెక్కకు పూర్తిగా వేరు. ఆ గోళీల ప్రభావం ఐఎన్ఆర్‌లో కనిపిస్తుంది. ఆ కొలత ఉన్నదే అందుకు. వార్ఫరిన్ సాధారణంగా ఐదు రోజులు, ఎసిట్రోమ్ అంతకంటే తక్కువ రోజుల ముందు ఆపుతారు. ఆ మధ్యలో కవాటం మీద గడ్డ కట్టకుండా కొందరికి హెపారిన్ సూదులు ఇస్తారు. సొంత నిర్ణయం అసలు వద్దు. పాలకూర, తోటకూర, మునగాకు ఉన్నట్టుండి ఎక్కువ తిన్నా, మొత్తం మానేసినా ఐఎన్ఆర్ మారుతుంది. రోజూ ఒకేలా తినడం మంచిది.

మీ చివరి ప్రశ్న, మనుషుల్ని తయారుగా పెట్టుకోవాలా అని. అవును, కానీ హడావుడి వద్దు. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరు, 20 నుంచి 24 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచుతారు, ఐదు రోజులే నిలవ. అందుకే ముందే తీసి దాచిపెట్టడం కుదరదు, మనుషులు దగ్గరగా ఉండాలి. మీ నాన్నగారి బ్లడ్ గ్రూపుతో సంబంధం లేకుండా ఇద్దరు ముగ్గురు రక్తం ఇచ్చినా బ్లడ్ బ్యాంకు సర్దుబాటు చేస్తుంది. ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్లు మాత్రం గ్రూపు అడిగి రావాలి. రక్తం ఇచ్చేవాళ్ల వయసు 18 దాటి, 65 లోపు ఉండాలి. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లయితే రక్తం ఇచ్చి 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు దాటి ఉండాలి. ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్లు మూడు రోజుల ముందు నుంచి ఆస్పిరిన్ వేసుకోకూడదు. ఊరి నుంచి పదిహేను మందిని వ్యాన్‌లో తీసుకెళ్లనక్కరలేదు. ఇద్దరు హైదరాబాద్‌లోనే ఉండే చుట్టాలు, ఇద్దరు ఫోన్ చేస్తే కదిలేవాళ్లు చాలు.

ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఛాతీ గొట్టాల్లోంచి నెత్తురు రావడం చూసి భయపడకండి, కొంత వస్తుంది. గంటగంటకూ కొలుస్తారు. గంటకు 200 మిల్లీలీటర్లు దాటి, వరుసగా కొన్ని గంటలు తగ్గకుండా వస్తుంటే మళ్లీ ఛాతీ తెరిచి చూడాల్సి రావచ్చు. అలా తీసుకెళ్తామని చెబితే అది తప్పు జరిగిందనడానికి గుర్తు కాదు. తొందరగా తెరిచి చూడటమే మంచిది.

టెగ్ ఖర్చు విషయం. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయితే, ఏ పరీక్ష ప్యాకేజీలో ఉందో, దేనికి విడిగా కట్టాలో చేరే ముందే ఆ దవాఖానలో ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. కట్టాల్సిందేమైనా ఉంటే రాయించుకోండి. ఈ పరీక్ష వద్దని మాత్రం మీరే చెప్పకండి. అవసరం పడితే ఆ పది నిమిషాల రిపోర్టుతో అక్కర్లేని నాలుగు సంచుల ప్లాస్మా తప్పవచ్చు.

ఇంటి నుంచి బయల్దేరే ముందు ఒక పని చేయండి, తమ్ముడూ. నాన్నగారి గోళీల షీట్లన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేయండి. చివరి క్లోపిడోగ్రెల్ ఏ తేదీన, ఎన్ని గంటలకు వేసుకున్నారో, ఏ నొప్పి సూది ఎప్పుడు వేయించుకున్నారో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫైల్ మొదటి పేజీకి పిన్ చేయండి. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం మత్తు డాక్టర్ మీ నాన్నగారిని చూడటానికి వస్తారు. ఆ కాగితం, ఆ కవరు ఆయన చేతికి ఇవ్వండి.